కూత తీసేసినవాడు

ఆ పూట నాగశివ చేసిన చివరి మామూలు పని, జగన్నాథరావు గారి టీవీ బాక్సు వెనక ఉన్న చిన్న రంధ్రంలోకి పళ్లు కుట్టుకునే పుల్ల దూర్చి నొక్కి పట్టుకోవడం. పాత టీవీలకి వైరు పెట్టుకోవడానికని ఇచ్చిన రంధ్రం అది. దాని అడుగున కంపెనీవాడు ఒక బుల్లి బొత్తాం దాచి ఉంచుతాడు. దాన్ని నొక్కి ఉంచి కరెంటు ఇస్తే బాక్సు రోజూలా లేవదు. నల్లటి తెర మీద నాలుగు తెల్లటి వరసలు చూపించి, ఏం చెయ్యమంటావన్నట్టు ఆగిపోతుంది. అక్కడి నుంచి మా తమ్ముడి పెత్తనం.

దసరా సెలవులు. కంటి డాక్టరుకి చూపించుకుందామని నేను బాపట్ల నుంచి తెనాలి వచ్చాను. చూపించుకోవడం అయ్యాక వాడి కొట్లో స్టూలు మీద కూర్చున్నాను. కంట్లో వేసిన మందుకి దగ్గర వస్తువులన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"టీవీ పెట్టగానే పేకాడమంటుందయ్యా. మా ఆవిడేమో నేనే ఎక్కడో నొక్కానంటుంది" అన్నారు జగన్నాథరావు గారు. తాలూకాఫీసులో పనిచేసి దిగిన మనిషి. వాడి దగ్గరకి నెలకోసారైనా వచ్చేవారు.

"నొక్కలేదాండీ?"

"నొక్కాననుకో. ఒక్కసారే."

"ఆ ఒక్కసారి చాలండి దానికి. ఇంక చుట్టంలాగా కదలదు. ఉండండి, సామాన్లతో సహా బయట పెట్టేస్తాను."

జగన్నాథరావు గారు నవ్వబోయారు. ఆయన చొక్కా జేబు కూత పెట్టింది. ఫోను మోగినట్టు కాదు, మిల్లు సైరన్లాగా, ఆగి ఆగి గుండెల్లో కొట్టే మోత. వెంటనే నా సంచిలోది. బల్ల మీద శివ ఫోను. పక్కన టీ కొట్లో నాలుగైదు. రోడ్డు మీద ఆటోవాడు బండి ఆపి తొడలు తడుముకుంటున్నాడు.

నాకు అక్షరాలు కనపడక ఫోను శివకిచ్చాను. వాడు పైకి చదివాడు. బాపట్ల జిల్లా తీరంలో మరికొద్దిసేపట్లో ప్రమాదకరమైన ఈదురుగాలులు. సముద్రంలో ఉన్న మత్స్యకారులు వెంటనే ఒడ్డుకి చేరాలి.

"రేపటి నుంచి వేటకి వెళ్లొద్దని కదా సర్కారువాళ్లు చెప్పారు?" అన్నాను.

బల్ల మీద పడవలవాళ్ల కోసం తయారుచేస్తున్న ట్యాబ్‌లు వరసగా ఉన్నాయి. వాటిలో రెండింటికి సిమ్ములు కూడా వేసి ఉన్నాయి. వీధి వీధంతా మోగుతోంటే అవి మాత్రం దీపం వెలిగించి పెట్టిన పటాల్లా ఊరుకున్నాయి. శివ వాటి వంక చూస్తున్నాడు. వాడి వేళ్ల మధ్య పుల్ల విరిగింది. ఒక ముక్క బాక్సు లోపలే ఉండిపోయింది.

"అక్కా, నేను దీన్ని తీసేశాను" అన్నాడు.

*

మాది రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పోతే కాలువ పక్కన ఉండే పల్లె. నాన్న వేటకి పోయేవాడు. నేను పెద్దదాన్ని, తర్వాత శివ, ఆఖరివాడు హనుమంతరావు. మాలో సముద్రం అబ్బింది ఆఖరివాడికే.

కాలువ సముద్రంలో కలిసేచోటుని మావాళ్లు మొగ అంటారు. అక్కడ నీళ్లు రెండువైపుల నుంచీ తోసుకుని అలలు అడ్డం తిరుగుతాయి. మీసాలు రాని వయసులో శివని నాన్న మొదటిసారి పడవెక్కించినప్పుడు ఆ మొగ దగ్గర ఒక అల పడవని నిలువునా లేపి కింద పెట్టిందట. వాడు తాడు పట్టుకుని వదల్లేదు. ఇంటికి వచ్చేసరికి అరచేతుల తోలు ఊడిపోయి ఉంది. కక్కుకుని కక్కుకుని కళ్లు ఎర్రబడ్డాయి. అమ్మ పసుపు రాస్తుంటే ఏడవలేదు. "మళ్లీ ఎక్కను" అని మాత్రం అన్నాడు. నాన్న నవ్వి వాణ్ణి గట్టు పీత అని పిలవడం మొదలుపెట్టాడు. పెద్దవాడయ్యాక కూడా, మా ఇంటికి బాపట్ల వచ్చి అందరం సూర్యలంకకి స్నానాలకి పోతే, వాడు చెప్పులకీ బట్టలకీ కాపలా అని చెప్పి ఇసుకలో దూరంగా కూర్చునేవాడు. వాడి భార్య తేజస్వి "మీ తమ్ముడికి బకెట్లో నీళ్లు చూసినా భయమే వదినా" అని ఏడిపించేది. వాడు ఒప్పుకునేవాడు. "ఔను, అందుకే మగ్గు నిండా పోసుకోను" అనేవాడు.

తెనాలిలో ఐటీఐ చదివి టీవీల రిపేరులో దిగాడు. టీవీలు పలచబడి గోడకెక్కాక ఆ పని తగ్గింది. అప్పుడు ఈ చవక ట్యాబ్‌లూ, టీవీకి తగిలించే బాక్సులూ పట్టుకున్నాడు. వాటిని రూట్ చెయ్యడం అంటే ఏమిటని అడిగాను ఒకసారి. అప్పుడు వాడు అన్నం తింటున్నాడు.

"ఇల్లు కొన్నావనుకో అక్కా. అమ్మినవాడు ఒక గదికి తాళం వేసి, ఆ తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ గదిలో వాడి మనుషులుంటారు. నీ కరెంటు వాడుకుంటారు, నువ్వేం చూస్తున్నావో రాసుకుంటారు, నువ్వు వద్దన్నా కేకలేసి సరుకులమ్ముతారు. నేను ఆ తాళం తీస్తాను. అక్కర్లేనివాళ్లని ఏరి పంపించేస్తాను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు."

"బియ్యం పోకుండా చూసుకో మరి" అన్నాను.

"మొదట్లో పోయేవి. చేట మొత్తం బోర్లా పడేది."

ఆ పనిలో వాడికి ఒడుపు వచ్చింది. పైన మెరిసే బొమ్మలన్నీ తీసేసి, ముసలివాళ్లకి కనపడేటంత అక్షరాలు పెట్టి, టీవీ పెట్టగానే వాళ్ల భక్తి చానలే వచ్చేటట్టు చేసి ఇచ్చేవాడు. కంపెనీవాడు వదిలేసిన పాత ట్యాబ్‌లకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించేవాడు. ఎవరి సామాను వాళ్ల చెప్పుచేతల్లో ఉండాలనేది వాడికి ఒక పట్టుదల. రాజకీయాలు మాట్లాడేవాడు కాదు గానీ, ఈ ఒక్క విషయంలో గొంతు పెంచేవాడు.

పడవల పని హనుమంతరావు వల్ల వచ్చింది. దారి చూసుకోవడానికి వాడు పడవలో ఒక ట్యాబ్ పెట్టుకున్నాడు. కుర్రాళ్లు దాంట్లో సినిమాలు చూసి చార్జింగు తినేస్తున్నారు.

"అన్నయ్యా, మ్యాపు తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా చెయ్యగలవా?"

శివ చేశాడు. దాంట్లోంచి ఆటలు తీశాడు, వీడియోలు తీశాడు, ఫోను మాట్లాడే ఏర్పాటు కూడా తీశాడు. బొత్తాం నొక్కితే సముద్రం ఒక్కటే వస్తుంది. ఆ సముద్రం మీద వాడు నాన్న చెప్పే పేర్లన్నీ రాశాడు. ముసలమ్మ గుంట, విరిగిన పడవ చోటు, నల్లనీళ్లు. సర్కారు మ్యాపుల్లో ఉండని పేర్లు అవి. నాన్న పోయాక వాటిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. కాలు పెట్టని నీళ్ల మీద వాడికి అంత లెక్క తెలియడం చూసి పల్లెవాళ్లు నవ్వుకున్నారు, తర్వాత ఒక్కొక్కరే వాళ్ల ట్యాబ్‌లు పట్టుకుని తెనాలి వచ్చారు. ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఆపేసుకోండి, ఈ ఒక్కటీ వెలుగుతుంటే చాలని వాడే వాళ్లకి చెప్పేవాడు.

కిందటి ఏడాది వేట నిషేధం అయిపోయిన రోజు ఒక సంగతి జరిగింది. రెండు నెలలు ఒడ్డున పడున్న పడవలకి పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి దింపుతారు. ఆ సమయంలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఏడుపు వినపడకూడదు, తుమ్ము వినపడకూడదు. పిల్లల్ని దూరంగా పంపేస్తారు. వెంకట్రామయ్య అని నాన్న ఈడువాడు, పల్లెలో పెద్ద, ఆయన కాయ ఎత్తిన క్షణంలో పడవల్లోని ట్యాబ్‌లన్నీ ఒక్కసారే కూత పెట్టాయట. సర్కారువాళ్లు కొత్తగా పెట్టిన హెచ్చరిక సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పంపింది అది. తెర మీద ఇది పరీక్ష మాత్రమే అని రాసి కూడా ఉంది. ఎవరు చదువుతారు? కాయ కింద పెట్టేశారు. ఆ రోజు ఒక్క పడవా కదల్లేదు.

మర్నాడు వెంకట్రామయ్య నలుగురిని వెంటబెట్టుకుని తెనాలి వచ్చాడు. ఆ మాటలు శివ నాకు ఫోనులో ఆయన గొంతు పెట్టి మరీ చెప్పాడు.

"శివా, ఆ ఏడుపు తీసెయ్యరా."

"అది గవర్నమెంటు పెట్టింది బాబాయ్. గాలివాన వస్తే చెప్పుద్ది."

"గంగమ్మ ముందు ఏడ్చేది గాలివాన చెప్పుద్దా, పిలుచుద్దా?"

"దాన్ని ఆపడానికి లేదు బాబాయ్. సెట్టింగుల్లో ఎక్కడా లేదు."

"ఆపడానికి లేనియ్యే కదరా నువ్వు ఆపేది. ఉన్నయ్యి మేం ఆపుకోలేమా?"

ఆ మాటకి పొంగిపోయాడు మావాడు. తాళం తీసిన ట్యాబ్‌లో ఏదైనా తీసెయ్యవచ్చు. ఆ కూత పెట్టే భాగాన్ని వెతికి పట్టుకుని, పడవల ట్యాబ్‌లన్నింట్లోంచీ పీకేశాడు. హనుమంతరావు ట్యాబ్‌లోంచి కూడా.

*

జగన్నాథరావు గారి బాక్సు విప్పింది విప్పినట్టే ఉంది. కొట్టు చూడమని ఆయనకే చెప్పి శివ బండి తీశాడు. నేను వెనక ఎక్కాను. వద్దంటాడనుకున్నాను, అనలేదు. హనుమంతరావు తెల్లవారుజామున పడవ తీశాడని వాడికి తెలుసు. రేపటి నుంచి వేట బందు కాబట్టి ఈ ఒక్క పూటా పోయి వస్తానన్నాడట. ఆ రేపు ఇవాళే వచ్చేసింది.

హనుమంతరావు ఫోను ఆఫ్‌లో ఉంది. కవర్లో కట్టేసి ఉంటుంది. వాడి భార్య మాణిక్యానికి చేస్తే, ఇంకా రాలేదంది.

"ట్యాబ్‌కే ఏదైనా పంపరా" అన్నాను.

"దాంట్లో ఏమీ లేదక్కా. అన్నీ తీసేశాను. అన్నీ."

తెనాలిలో ఎండ కాస్తూనే ఉంది. వేమూరు దగ్గర బండి ఆపి, తను ట్యాబ్‌లు చేసిచ్చిన పడవలవాళ్లకి ఒక్కొక్కరికే ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. ఎత్తినప్పుడల్లా "ఎక్కడున్నావ్?" అని అరిచేవాడు. గట్టు మీదేనని అవతలివాడు చెప్పగానే మారు మాట లేకుండా పెట్టేసేవాడు. ఒకతను ఏమైందని మళ్లీ తిరిగి చేస్తే ఎత్తలేదు. వాడి చొక్కా వీపు మొత్తం చెమటకి అంటుకుపోయి ఉంది. నేను దాని మీద చెయ్యి వేసి ఉంచాను. లోపల గుండె నా అరచేతికి తగులుతోంది.

"అందరూ గట్టునే ఉన్నారక్కా" అన్నాడు చివరికి. "వాడొక్కడే."

భట్టిప్రోలు దాటాక దక్షిణం వైపు ఆకాశం రంగు మారింది. నా కళ్లకి అది మబ్బులా కాక గోడలా కనపడింది. గాలి లేదు. వరిచేలు ఒక్క ఆకు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆ కదలకపోవడం చూసి భయం ఎక్కువైంది. నాన్న ఉన్న రోజుల్లో గాలి ఇలా బిగబట్టినప్పుడు అమ్మ పొయ్యి ఆర్పేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

శివ బండి నడుపుతూనే మాట్లాడాడు. బండి వేగానికి సగం మాటలు పోయేవి.

"మాణిక్యానికి చెప్పకక్కా. తేజస్వికీ చెప్పకు. వాడు రానీ, నేనే చెబుతాను. వాడి ముందే చెబుతాను."

"చెబుదువులే. ముందు రోడ్డు చూడు."

"తిడతాడుగా?"

"కొడతాడు కూడా."

"కొట్టనీ" అన్నాడు. "కొట్టనీ అక్కా."

రేపల్లెలో హనుమంతరావు అద్దెకుండే ఇల్లు దారిలోనే ఉంది. కూతురి చదువు కోసం పల్లె నుంచి అక్కడికి మారారు. మాణిక్యం పొద్దున్నే నిజాంపట్నం వెళ్లిందని ఫోనులో తెలిసింది కాబట్టి మేం ఆగలేదు. ఊరు దాటుతుండగా మొదటి గాలి వచ్చింది. బండి పక్కకి తోసుకుపోయింది. శివ రెండు కాళ్లూ నేలకి ఆనించి నిలబెట్టాడు. నా వైపు తిరిగి చూశాడు. వాడి పెదాలు తెల్లబడి ఉన్నాయి.

*

రేవులో పడవలన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. ఎవరూ నీళ్లలోకి దిగకుండా పోలీసులు తాడు కట్టారు. మాణిక్యం రేవుకి ఎగువన, కాలువ గట్టు మీద, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మా మరదళ్లిద్దరిలో గట్టి మనిషి అది. చేపల బేరంలో మగవాళ్ల నోళ్లు మూయించేది. శివని చూడగానే దాని మొహం చిన్నపిల్ల మొహం అయిపోయింది.

"వచ్చారా బావగారూ! ఇంక నాకు ధైర్యం."

శివ నేల చూపులు చూశాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ట్యాబ్‌కి చార్జింగు పెట్టుకుని వెళ్లాడా వాడు?"

మాణిక్యం తడబడింది. "ఆఁ… ఉండే ఉంటది బావగారూ" అంది, నీళ్ల వైపు తిరిగిపోయి. భయంలో అంతకంటే ఎవరు మాత్రం సరిగ్గా చెబుతారు?

వాన మొదలైంది. మధ్యాహ్నమే అయినా వెలుతురు పోయి, అవతలి గట్టున ఉన్న మడచెట్లు కనపడటం మానేశాయి. ఇలాంటప్పుడు మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. పడవ రావలసిన వేళకి రాకపోతే ఎవరో ఒకరు మొగ దాకా లైటు తీసుకెళ్లి పట్టుకుంటారు. వానలో మొగ కనపడక పడవలు ఇసుక మేటల మీద పడి విరుగుతాయి కాబట్టి ఆ లైటే దారి. పడవ ఎవరైనా నడపవచ్చు. లైటు పట్టుకోవలసింది మాత్రం రానివాడి ఇంటి మగవాడు. తనవాళ్ల చెయ్యి పట్టుకున్న దీపాన్నే సముద్రం చూడనిస్తుందని వాళ్ల నమ్మకం.

వెంకట్రామయ్య పడవ రేవులో కాక వెనక పిల్లకాలువలో ఉంది. పోలీసుల కంట పడదు. ఆయన పెద్ద బ్యాటరీ లైటు పట్టుకుని వచ్చి మా ముందు నిలబడ్డాడు. ఎవరినీ రమ్మనలేదు. శివ వంక కూడా చూడలేదు. అలా నిలబడ్డాడంతే.

"వాడికి ఈత రాదు బాబాయ్" అన్నాను.

"మొగ లోపలే ఆగుతానమ్మా. బయటికి పోను. గట్టు పక్కనే."

"నేను పట్టుకుంటాను లైటు. నాకూ వాడు తమ్ముడే."

"ఆడోళ్లు పట్టుకునేది కాదమ్మా అది."

శివ చెప్పులు విప్పేశాడు. జేబులో ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

"నోరు ఎండిపోతోందక్కా. నీళ్లున్నాయా?"

సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడు, మూడోది మింగలేక ఉమ్మేశాడు. చొక్కా పట్టుకుని లాగాను. "వద్దురా. నీ వల్ల కాదు. నీకు తెలుసు."

"నేను తీసేశానక్కా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. "వాడికి వినపడకుండా చేసింది నేను. కనపడేటట్టైనా చెయ్యాలిగా."

నా చెయ్యి విడిపించుకున్నాడు. పడవ ఎక్కుతుంటే కాలు జారింది. వెంకట్రామయ్య రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. "కూచో రా, పీతా" అన్నాడు, నాన్న పిలిచినట్టు. శివ నవ్వాడో, వణికాడో, నా కళ్లకి తెలియలేదు. ఇంజను మోగింది. వాడు అడుగున చతికిలబడి రెండు చేతులతో లైటుని గుండెకి ఆనించి పట్టుకున్నాడు. ఆ వెలుగు కింద నుంచి వాడి గడ్డం మీద పడుతోంది.

పడవ కాలువ మధ్యకి వెళ్లింది. అప్పుడు నా ఫోను మోగింది. బాపట్లలో మా పక్కింటి సీతారావమ్మ గారు.

"టీచరు గారూ, ఎక్కడున్నారండీ? మీ తమ్ముడు గారొచ్చారండి, చేపలవారు. తడిసి ముద్దైపోయున్నారు. మీ ఇంటికి తాళం ఉంటే మా వరండాలో కూర్చోబెట్టానండి. పొద్దున్నే ఆకాశం చూసి భయమేసి పడవని సూర్యలంకకి తిప్పేశారంట. అక్కడ టవరు లేదంట, ఫోను నీళ్లల్లో పడిపోయిందంట. మీతో చెప్పమన్నారండి. టీ ఇచ్చాను, తాగుతున్నారు—"

నేను అరుస్తూ గట్టు వెంట పరిగెత్తాను. శివా అన్నాను, వాడు వచ్చేశాడురా అన్నాను, వెనక్కి రారా అన్నాను. గాలి నా మాటల్ని నా నోట్లోకే తోసింది. మాణిక్యం నాకేదో అయిందనుకుని వెనకే పరిగెత్తుకొచ్చింది. చెయ్యి ఎత్తి ఊపాను. వాడు మా వైపే చూస్తున్నాడు. దాన్ని వీడ్కోలు అనుకున్నాడేమో, లైటుని ఒకసారి పైకెత్తి దించాడు. పడవ మడచెట్ల మలుపు తిరిగింది. వెలుగు కాసేపు చెట్ల మధ్య నుంచి కనపడింది. తర్వాత అదీ లేదు.

శివ ఫోను నా దగ్గరే ఉంది. వెంకట్రామయ్య ఫోను వాడడు. పోలీసుల దగ్గరకి పరిగెత్తాం. వాళ్లు వైర్‌లెస్‌లో ఎవరికో చెప్పారు. గాలి తగ్గేదాకా ఏమీ చెయ్యలేమన్నారు. గట్టు మీద ఒక సిమెంటు దిమ్మ పక్కన మాణిక్యమూ నేనూ ఒకరినొకరం పట్టుకుని కూర్చున్నాం. తన మొగుడు బతికి ఉన్నాడని తెలిసి అది పైకి సంతోషపడటానికి కూడా భయపడింది. నా భుజంలో మొహం పెట్టుకుని "బావగారు వచ్చేస్తారు వదినా, లోపలే ఆగుతానన్నాడుగా ముసలాయన" అని అంటూనే ఉంది. నేను కాలువ మలుపు వైపు చూస్తూ ఉన్నాను. కంట్లో మందు ప్రభావం పోయి చూపు తేరుకుంది. ప్రతి చెట్టూ, ప్రతి కొమ్మా స్పష్టంగా కనపడసాగాయి. ఏది కదిలినా పడవే అనిపించేది.

వాన సన్నబడ్డాక వెంకట్రామయ్య గట్టు వెంట నడుచుకుంటూ వచ్చాడు. నడుస్తూ. ఒక్కడే. దగ్గరకి వచ్చాక నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి చూపించాడు, వాటిలో ఏమీ లేదన్నట్టు. మొగ లోపలే ఆగారట. అల లోపలికే వచ్చిందట. పడవ తిరగబడినప్పుడు శివ లైటు వదల్లేదట. "వదలరా అని అరిచానమ్మా. వదిలితే చెయ్యి అందేది. వదల్లేదు."

మర్నాడు వాణ్ణి మడచెట్ల వేళ్ల మధ్య నుంచి బయటికి తీశారు. హనుమంతరావే దిగి తీశాడు. ఎందుకు వెళ్లాడురా, వాడికి నీళ్లంటే భయం కదరా అని వాడు గుండెలు బాదుకుంటుంటే నేను నోరు విప్పలేదు. రాకపోయేసరికి తమ్ముడి కోసం వెళ్లాడని పల్లె అంతా అనుకుంది. తేజస్వికి కూడా అదే తెలుసు. అందులో అబద్ధం లేదు. దారిలో వాడు చెప్పొద్దన్న మాట మాత్రం నేను ఎవరితోనూ చెప్పలేదు.

*

పెద్దకర్మ అయ్యాక, బాపట్ల వెళ్లిపోయే ముందు, రేపల్లెలో హనుమంతరావు ఇంట్లో ఒక పూట ఉన్నాను. మాణిక్యం లోపలి గదిలోంచి ఒక ట్యాబ్ తెచ్చి నా పక్కన పెట్టింది. వెనకంతా రంగు పెన్నులతో పువ్వులు గీసి ఉన్నాయి. ఒక మూల శివ అక్షరాలతో హనుమంతరావు పడవ పేరు.

"ఇది మీ దగ్గర ఉంచండి వదినా. చూస్తుంటే చెయ్యీ కాలూ ఆడటం లేదు. ఆయన చేత్తో చేసింది."

"పడవలోది కదా ఇది? నీళ్లలో పాడవలేదా?"

"పడవలో ఎక్కడిది వదినా? వేసవిలో వేట ఆపినప్పుడు ఇంటికి తెచ్చారు. పిల్ల పదో తరగతి పాఠాలకి కావాలంది. ఇక్కడ కొట్లో ఇచ్చి, మళ్లీ కంపెనీ నుంచి వచ్చినట్టే అన్నీ పెట్టించాం, సిమ్ము వేయించాం. మళ్లీ పడవెక్కలేదు అది. బావగారికి మాత్రం చెప్పొద్దన్నారు మీ తమ్ముడు. అంత కష్టపడి చేసిచ్చాడు, చిన్నబుచ్చుకుంటాడని. ఆ రోజు గట్టు మీద బావగారు అడిగితే నేను కూడా చెప్పలేకపోయాను."

నేను ట్యాబ్ చేతిలోకి తీసుకున్నాను. మాణిక్యం కొంగుతో దాని తెర మీది దుమ్ము తుడిచింది.

"ఆ రోజు పొద్దున ఇది ఈ గదిలోనే కూత పెట్టింది వదినా. పిల్ల ఒక్కతే ఉంది. హడలిపోయి వీధిలోకి పరిగెత్తిందంట."